మూత తీసి చూపించమనండి

మొదటిసారి నేను కోల్‌కతా టెరిట్టి బజారుకి పొద్దున తొమ్మిదింటికి వెళ్ళాను. ఆదివారమే వెళ్ళాను, ఆ ఒక్కటీ సరిగ్గా చేశాను. అప్పటికే ఒకావిడ అల్యూమినియం ఆవిరి గిన్నెలు కడిగి బోర్లిస్తోంది. పక్కన ఒకాయన బల్ల మడిచి రిక్షాలో ఎక్కిస్తున్నాడు. రోడ్డంతా సబ్బు నీళ్ళు, ఉల్లికాడల ముక్కలు. చైనావాళ్ళ టిఫిన్ల బజారని పేరు విని అంత దూరం పోయినవాడికి దక్కింది మామూలు చేపల బజారు.

నిజం చెప్పాలంటే అంతా అయిపోలేదు. ఒక బల్ల మీద ఇంకా మూడు గిన్నెలు పొగలు కక్కుతున్నాయి. వెళ్ళి వాటి ముందు నిలబడ్డాను. మూతలు వేసి ఉన్నాయి, లోపలేముందో తెలియదు. అమ్మే కుర్రాడు నా వైపు చూశాడు, నేను ఫోను వైపు చూసుకున్నాను. ఈలోపు నలుగురు బెంగాలీ పిల్లలు వచ్చి, గబగబా ఏదో చెప్పి, కాగితం ప్లేట్లలో పెట్టించుకుని, నిలబడే తినేసి వెళ్ళిపోయారు. నేను ఎవరి కోసమో ఎదురుచూస్తున్నవాడిలా రెండుసార్లు వాచీ చూసుకుని వెనక్కి తిరిగాను. వీధి మలుపులో మట్టి ముంతలో టీ, రెండు బిస్కట్లు. అదీ నా చైనా టిఫిన్.

యాభై దాటిన మనిషిని. నలుగురిలో నిలబడి మాట్లాడడమెలాగో పదిమందికి నేర్పడం నా బతుకుతెరువు. "ఇదేమిటి?" అని ఒక కుర్రాణ్ణి అడగలేకపోయాను.

మనవాళ్ళకి కొత్త తిండంటే భయమని చాలామంది అంటారు. నేనొప్పుకోను. సాయంత్రం ఆరు దాటాక ఏ మండల కేంద్రానికైనా వెళ్ళి చూడండి. బస్టాండు ఎదురుగా బండి, బండి మీద ఎర్ర అక్షరాల్లో 'చైనీస్ ఫాస్ట్ ఫుడ్', పెద్ద మంట మీద బాణలి, గరిటె చప్పుడు రెండు వీధుల అవతలికి వినబడుతుంది. నూడుల్స్, ఫ్రైడ్ రైస్, గోబీ మంచూరియా. మా నాయనమ్మ వీటి పేర్లు కూడా వినలేదు. మా మనవరాలికి ఇవి లేని పుట్టినరోజు లేదు. కొత్త తిండిని ఇంత హాయిగా ఇంటి తిండిని చేసుకున్న జాతికి తిండంటే భయమేమిటి?

భయం తిండి దగ్గర లేదు, తెలియనివాడిలా కనబడడం దగ్గర ఉంది. బండి దగ్గర మనకి పద్ధతి తెలుసు. "మాస్టారూ, ఒక ఫుల్ ఎగ్ నూడుల్స్, కారం కాస్త ఎక్కువ" అంటాం, పక్కకి జరిగి నిలబడతాం. ఎక్కడ నిలబడాలి, డబ్బులు ముందా వెనకా, చేత్తో తినాలా పుల్లతో తినాలా అన్నది ఆలోచించక్కర్లేదు. కొత్త చోట ముందు పోయేది ఆ పద్ధతే. అది పోగానే పెద్ద ఉద్యోగస్తుడైనా సరే, మొదటి రోజు బళ్ళో కూర్చోబెట్టిన పిల్లాడైపోతాడు. పిల్లాడికి నయం, ఏడుస్తాడు. మనం ఫోను చూసుకుంటాం.

ఇంకో సంగతి ఆ రోజే తెలిసింది. బొత్తిగా ఏమీ తెలియనివాడు అడగను కూడా అడగలేడు. ప్రశ్న పుట్టాలంటే చేతిలో కొంచెం సరుకుండాలి. అందుకని రెండోసారి వెళ్ళేముందు నేను చేసిన మొదటి పని, వెళ్ళబోయేది ఎవరి వీధికో తెలుసుకోవడం. మీరు సింగపూర్ వెళ్ళినా, శాన్‌ఫ్రాన్సిస్కోలో మీ అమ్మాయి దగ్గరికి వెళ్ళినా, అక్కడి చైనాటౌన్‌లో అడుగుపెట్టేముందు ఇదే పని చేయమంటాను. నేను కోల్‌కతా సంగతి చెబుతాను. మనకి రైలు దూరంలో ఉన్న చైనాటౌన్ అదే. సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కితే హౌరాలో దిగుతాం.

టెరిట్టి అన్నది చైనా పేరు కాదు. వెనిస్ నుంచి వచ్చి, పద్ధెనిమిదో శతాబ్దం చివర్లో కలకత్తాలో కంపెనీ కొలువు చేసిన ఎడ్వర్డ్ టిరెట్టా అనే ఇటలీ ఆయన పేరది. ఆయన బజారుకి చైనావాళ్ళు తర్వాత వచ్చి చేరారు. బెంగాల్‌కి వచ్చిన చైనావాళ్ళలో మొదటివాడిగా చెప్పుకునేది టాంగ్ అచ్యూ అనే వ్యాపారిని. వారెన్ హేస్టింగ్స్ కాలంలో బజ్‌బజ్ దగ్గర హుగ్లీ ఒడ్డున భూమి సంపాదించి, చెరకు వేసి, పంచదార మిల్లు పెట్టాడు. 1783లో పోయాడు. ఆయన పేరు మీదే ఆ ఊరు అచ్చీపూర్ అయింది. నది ఒడ్డున గుర్రపు నాడా ఆకారంలో ఎర్రటి సమాధి ఉంది. చైనా కొత్త సంవత్సరం రోజుల్లో కోల్‌కతా చైనీయులు అక్కడికి వెళ్ళి దండం పెట్టుకుని వస్తారు.

తర్వాత వచ్చినవాళ్ళు ఒక ప్రాంతం వాళ్ళు కాదు, వాళ్ళ పనీ ఒకటి కాదు. కాంటన్ వైపువాళ్ళు వడ్రంగులు. హుబే నుంచి వచ్చినవాళ్ళు పళ్ళ డాక్టర్లు. హక్కావాళ్ళు తోళ్ళ పని, చెప్పుల పని పట్టుకున్నారు. బెంటింక్ స్ట్రీట్‌లో చైనావాళ్ళ చెప్పుల కొట్లు నిన్నమొన్నటిదాకా పెద్ద పేరు. తోళ్ళు శుద్ధి చేసే టానరీలు ఊరికి తూర్పున టాంగ్రాలో వెలిశాయి. కాబట్టి కోల్‌కతాలో చైనాటౌన్‌లు రెండు: ఊరి నడిబొడ్డున లాల్‌బజార్ పోలీసు కార్యాలయం పక్క పాతది టెరిట్టి, సైన్స్ సిటీ దగ్గర కొత్తది టాంగ్రా. మొదటిది పొద్దున వెళ్ళాల్సింది, రెండోది సాయంత్రం.

ఇక్కడ కాసేపు ఆగాలి. మన బండి మీద 'హక్కా నూడుల్స్' అని రాసి ఉంటుంది చూశారా, ఆ హక్కా ఒక వంట పద్ధతి పేరు కాదు, ఈ మనుషుల పేరు. చైనా భాషలో ఆ మాటకి అర్థం అతిథి కుటుంబాలు. ఉత్తర చైనా నుంచి దక్షిణానికి వలస వచ్చి, వచ్చిన చోటల్లా 'బయటివాళ్ళు' అనిపించుకున్నవాళ్ళు. వందల ఏళ్ళు ఉన్నా ఆ పేరు పోలేదు, చివరికి వాళ్ళే దాన్ని తమ పేరు చేసుకున్నారు. నేను పాతికేళ్ళుగా హక్కా నూడుల్స్ తింటున్నాను. ఒక్కసారీ ఆ మాట ఏమిటని అడగలేదు.

మంచూరియా కథ ఇంకా చిత్రం. మంచూరియా అనే ప్రాంతం ఉంది, అక్కడ ఈ కూర లేదు. కోల్‌కతాలో పుట్టిన చైనీయుడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో వండుతుండగా, కొత్తగా ఏదైనా చేయమన్నారట. మనం కోడికూరకి మొదలుపెట్టినట్టే అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలతో మొదలుపెట్టి, గరం మసాలా వేయాల్సిన చోట సోయా సాసు పోసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచాడు. అదీ పుట్టుక. అంటే మన బస్టాండు బండి మీదున్నది చైనా వంట కాదు, భారతీయ చైనీయుల వంట. దాని ఇంటి అడ్రసు బీజింగ్‌లో వెతక్కండి, టాంగ్రాలో వెతకండి.

ఇంత తెలుసుకున్నాక రెండోసారి వెళ్ళాను. మరుసటి ఏడు జనవరి. మా మేనల్లుడు సాల్ట్‌లేక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మా అక్కయ్య వాడి దగ్గరికి వెళుతూ నన్నూ తోడు రమ్మంది. అక్కయ్య శుద్ధ శాకాహారి, గుడ్డు వండిన గిన్నె కూడా ముట్టుకోదు. "నేనొచ్చి ఏం చేస్తానురా అక్కడ?" అంది. "చూద్దువుగాని రా" అన్నాను. ఆవిడ వచ్చి ఏం చేసిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఐదున్నరకి టాక్సీ ఎక్కాం. దగ్గరి మెట్రో స్టేషను సెంట్రల్, కానీ ఆదివారం మెట్రో బాగా పొద్దెక్కాక గానీ నడవదు, దాన్ని నమ్ముకుంటే నా మొదటి ఆదివారమే మీకూ. టాక్సీవాడికి పొద్దార్ కోర్ట్ అని చెప్పండి. ఆ భవనం వెనకే సన్ యట్‌సెన్ వీధి, దాని మొదట్లోనే బజారు. ఆరింటికి చలి, మంచు, ఆ మంచులో గిన్నెల ఆవిరి. జనం అప్పుడప్పుడే చేరుతున్నారు.

ముందు కొనకండి. ఈ చివర నుంచి ఆ చివరికి ఒకసారి ఊరికే నడవండి. బజారు పెద్దదేం కాదు, పది నిమిషాలు పడుతుంది. నడుస్తూ మూడు చూడండి. ఏ బల్ల దగ్గర ముసలివాళ్ళు నిలబడ్డారు, ఏ బల్ల దగ్గర ఇంటికి పొట్లాలు కట్టించుకుంటున్నారు, ఏ బల్ల దగ్గర ఫోన్లు పట్టుకున్న కుర్రకారు మాత్రమే ఉన్నారు. మొదటి రెండింటి దగ్గరికి వెళ్ళండి. మూడోదాని మీద నాకు కోపమేం లేదు, అక్కడా తిండి బాగుండొచ్చు. కానీ వీడియోలో చూసినదాన్ని వెతుక్కుంటూ వెళ్ళినవాడు ఎదురుగా ఉన్నదాన్ని చూడడు.

ఇంకో మాట. బల్లల వెనక ఉన్నవాళ్ళందరూ చైనీయులు కారు. బెంగాలీలు, నేపాలీలు, బీహారీలు కూడా ఉంటారు. బావోల పక్కనే వేడి వేడి కచోరీ అమ్ముతుంటారు. 'ఇది అసలైనది కాదు' అని పెదవి విరవకండి. ఒకప్పుడు ఇరవై వేలమంది ఉండేవాళ్ళని చెప్పుకునే చోట ఇప్పుడు రెండు మూడు వేలకి మించి లేరంటారు. ఉన్నవాళ్ళు ఆదివారం తెల్లవారుజామున లేచి వండి తేవడమే గొప్ప.

బల్లల మీద ఏముంటాయి? బావో అంటే గోధుమ పిండి పొంగబెట్టి, లోపల మాంసం పెట్టి, ఆవిరి మీద ఉడికించిన తెల్లటి ఉండ. మన ఆవిరి కుడుముకి మేనత్త కూతురు. షూమై పల్చటి పిండిరేకులో కైమా పెట్టి పైన నోరు తెరిచి వదిలేసినది. చేప ఉండల సూపు తేటగా, పాలకూర లాంటి ఆకు తేలుతూ ఉంటుంది. చలి రోజుల్లో అన్నిటికన్నా అది ముందు తాగండి, చేతులు వెచ్చబడితే మాటలు వస్తాయి. ఆకులో కట్టి ఉడికించిన జిగురు బియ్యం ఉంటుంది. కోనసీమవాళ్ళు పొట్టిక్కలు గుర్తు చేసుకోవచ్చు, పనసాకుకి బదులు వెదురాకు. తోరణంలా వేలాడదీసినవి పంది మాంసం సాసేజీలు, తూకానికి అమ్ముతారు, అక్కడ తినేవి కావు, ఇంట్లో వండుకునేవి.

అడగడానికి రెండు ముక్కల బెంగాలీ చాలు. "ఎటా కీ?" అంటే ఇదేమిటి. "ఎక్టా దిన్" అంటే ఒకటివ్వండి. హిందీ వచ్చినా ఇవి నేర్చుకుని వెళ్ళండి. తప్పుగా పలికినా పరవాలేదు, నవ్వుతారు, నవ్వాక మూత తీసి చూపిస్తారు. చూపించకపోతే చూపించమనండి. మన ఇడ్లీ బండి దగ్గర "వేడిగా ఉన్నాయా?" అని మూత తీయించమూ? అంతే. నలుగురున్నా ఒక్క ప్లేటే చెప్పండి. నాలుగు రకాలు రుచి చూడొచ్చు, నచ్చనిది వదిలేసే పాపం ఉండదు. చిల్లర తీసుకెళ్ళండి, ఆరింటికి ఐదు వందల నోటు తీసినవాణ్ణి ఏ దేశంలోనూ ఎవరూ ప్రేమించరు.

ఇదంతా నేను నేర్చుకుని వెళ్ళిన విద్య. మా అక్కయ్యకి ఇవేవీ తెలియవు. ఆవిడ నేరుగా వెళ్ళి ఒక పెద్దావిడ బల్ల ముందు నిలబడింది. డెబ్బై ఏళ్ళుంటాయేమో, పొట్టి జుట్టు, మీద మగవాళ్ళ స్వెట్టరు. ఆవిడ మూత తీయగానే అక్కయ్య వంగి చూసి, మా మేనల్లుడితో, "ఒరే, పిండి ఎప్పుడు కలిపారో అడుగు" అంది.

"అమ్మా, నువ్వు తినవు కదా, ఎందుకు?"

"తినకపోతే అడగకూడదా?"

వాడు బెంగాలీలో అడిగాడు. ఆవిడ ఒక్క క్షణం అక్కయ్యని ఎగాదిగా చూసి, చేతి వేళ్ళు రెండు చూపించింది. తెల్లవారుజామున రెండింటికి. చలికాలం కాబట్టి పిండి పొంగడానికి ఎక్కువసేపు పడుతుందట, గిన్నెకి దుప్పటి చుట్టి పొయ్యి పక్కన పెడుతుందట. అక్కయ్య ముఖం వెలిగిపోయింది. "మన ఇడ్లీ పిండికి నేను పెద్దాడి స్వెట్టరు చుడతానని చెప్పరా" అంది. వాడు చెప్పాడు. పెద్దావిడ తన స్వెట్టరు లాగి చూపించి పకపకా నవ్వింది. తర్వాత పిండికి సోడా వేస్తారా, గుడ్డ వేసి ఉడికిస్తారా, అడుగున అంటుకోకుండా ఏం చేస్తారు, అన్నీ అయ్యాయి. ప్రతి బావో కింద ఒక చిన్న చదరపు కాగితం ముక్క ఉంది, అది తీసి చూపించింది. మధ్యలో ముగ్గురు కొనేవాళ్ళు వచ్చి వెళ్ళారు. ఆవిడ వాళ్ళకి చకచకా కట్టి ఇస్తూనే అక్కయ్యతో మాట్లాడుతోంది.

నేను షూమై, బావో, సూపు తిని, మూతి తుడుచుకుని వచ్చేసరికి అక్కయ్య చేతిలో నువ్వులద్దిన ఉండ ఒకటి ఉంది. లోపల తీపి పప్పు ముద్ద. "నూనెలోనే వేయించిందట, కొవ్వు కాదట, గుడ్డు లేదట, మూడుసార్లు అడిగాను" అంది. పెద్దావిడ డబ్బులు పుచ్చుకోలేదు. బజారులో మూడు రకాలు తిన్నది నేను. అతిథి అయింది అక్కయ్య.

శాకాహారులకి అక్కయ్య దగ్గర నేర్చుకోవాల్సింది మరొకటుంది. "వెజ్జేనా?" అని అడగకండి. ఆ మాటకి ఒక్కో ఊళ్ళో ఒక్కో అర్థం. పైన మాంసం ముక్క కనబడకపోతే వెజ్ అనుకునేవాళ్ళు లోకంలో చాలామంది. కూరల సూపుకి కోడి ఎముకల నీళ్ళు, కూరగాయల వేపుడుకి ఆయిస్టర్ సాసు, ఫ్రైడ్ రైస్‌కి నిన్న రొయ్యలు వేయించిన నూనె, అన్నీ 'వెజ్' పేరు మీదే వస్తాయి. మోసం చేయాలని కాదు, వాళ్ళ లెక్క అది. కాబట్టి విడివిడిగా అడగండి: పంది మాంసం ఉందా? చేప, రొయ్య ఉందా? గుడ్డుందా? ఏ నూనె? సూపు దేంతో కాచారు? ఐదు చిన్న ప్రశ్నలు. మాంసం తినేవాళ్ళలోనూ పంది తిననివాళ్ళు, గొడ్డు మాంసం తిననివాళ్ళు ఉంటారు, వాళ్ళకీ ఇదే దారి. అడిగి వద్దనుకుంటే "నేను తినను" అనండి చాలు. "ఛీ" అనకండి, ముక్కు మూసుకోకండి. మన ఇంటికొచ్చిన ఉత్తరాదివాడు గోంగూర చూసి ముఖం చిట్లిస్తే మనకెలా ఉంటుంది?

తిన్నాక చుట్టుపక్కల సందుల్లో కాసేపు తిరగండి. సీ ఇప్ చర్చి, టూంగ్ ఆన్ చర్చి అని బోర్డులు కనబడతాయి. చర్చి అన్న పేరు చూసి శిలువ వెతక్కండి, అవి చైనా గుళ్ళు. ఏనాడో అలా పిలవడం అలవాటైంది. 1905లో వెలిసిన సీ ఇప్‌లో ఉన్నది కరుణామూర్తి క్వాన్ యిన్ అమ్మవారు. పైన గుడి, కింద చైనాలో ఒకే ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళు కలుసుకునే చోటు. మధ్యాహ్నం వెళితే ముసలాళ్ళు పలకలతో మాజాంగ్ ఆడుతూ కనబడొచ్చు. మన కుల సంఘాల సత్రాల లాంటివే, కాకపోతే దేవుడు మేడ మీద ఉంటాడు. లోపలికి వెళ్ళేముందు చెప్పులు విప్పాలా, ఫొటో తీసుకోవచ్చా అని అడగండి. మనుషుల ఫొటోలకైతే తప్పనిసరిగా అడగండి. ఆవిరి గిన్నె ఫొటో ఎవరైనా తీసుకోనిస్తారు. గిన్నె వెనకున్న ముఖం ఆ మనిషి సొంతం.

అడగకూడనివీ ఉన్నాయి. "మీది ఏ దేశం?" అని అడగకండి. ఐదారు తరాలుగా అక్కడున్నవాళ్ళు, బెంగాలీ మీకన్నా నాకన్నా బాగా మాట్లాడతారు. పాములు తింటారా, కప్పలు తింటారా అనే హాస్యాలు ఇంటి దగ్గరే వదిలిపెట్టి రండి. ఈ జాగ్రత్త మర్యాద కోసమే కాదు. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు, ముఖం చూసి అనుమానించి, దాదాపు మూడు వేలమంది భారతీయ చైనీయుల్ని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో పెట్టారు. అస్సాంలో టీ తోటల దగ్గర ఉన్నవాళ్ళు కూడా అలా రైలెక్కినవాళ్ళే. కొందరు ఏళ్ళ తరబడి ఉన్నారు, తిరిగి వచ్చేసరికి ఇళ్ళు లేవు, కొట్లు లేవు. ఆ తర్వాతే చాలా కుటుంబాలు కెనడా దారి పట్టాయి. టొరంటోలో ఉన్న తెలుగువాళ్ళు ఈ పాటికి తలూపుతూ ఉంటారు: అక్కడ 'హక్కా చైనీస్' అని బోర్డు పెట్టి చిల్లీ చికెన్ అమ్మే హోటళ్ళకి మూలం ఇదే. ఊరొదిలి వెళుతూ వాళ్ళు కోల్‌కతా రుచిని పట్టుకెళ్ళారు. పెద్దావిడని దీని గురించి నేనేమీ అడగలేదు. ఆవిడే చెబితే వినేవాణ్ణి, చెప్పలేదు.

సాయంత్రం టాంగ్రా. 1996లో సుప్రీంకోర్టు, కాలుష్యం కారణంగా టానరీలు ఊరవతల బంతలాకి తరలిపోవాలని తీర్పిచ్చింది. అంతకుముందే టానరీల పక్కన ఒకటీ అరా మొదలైన హోటళ్ళు తర్వాత పెరిగిపోయాయి. ఎత్తయిన గోడలు, పెద్ద ఇనుప గేట్లు, లోపల రంగుల దీపాలు. గేట్లు తోళ్ళ బళ్ళ కోసం కట్టినవి, ఇప్పుడు కార్లు వస్తున్నాయి. ఆ వీధుల్లోనే చైనీస్ కాళీ మందిరం ఉంది. నైవేద్యం నూడుల్స్. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఇంట్లో ఏది బాగా వండుతామో అదేగా అమ్మవారికి పెట్టేది.

టాంగ్రాలో చేసే తప్పు ఒక్కటే, ఎక్కువ చెప్పడం. ప్లేటు పెద్దది, ఇద్దరికి సరిపోతుంది. నలుగురు వెళితే ఒక సూపు నలుగురికీ పంచి ఇమ్మనండి, ఒక డ్రై, ఒక గ్రేవీ, ఒక నూడుల్స్ లేదా అన్నం, అంతటితో ఆగండి. చాలకపోతే మళ్ళీ చెప్పొచ్చు. చిల్లీ చికెన్ తప్పక తినండి, మన బండి మీదున్నదానికి అసలు అమ్మ ఎలా ఉంటుందో తెలుస్తుంది: రంగు తక్కువ, కారం పచ్చిమిరపకాయది, పొడిది కాదు. బల్ల మీద వెనిగర్‌లో నానిన మిరపకాయ ముక్కల గిన్నె ఉంటుంది, నూడుల్స్ మీద రెండు చుక్కలు వేసుకుని చూడండి. వెయిటర్‌ని "ఏది బాగుంటుంది?" అని అడిగితే ఖరీదైనది చెబుతాడు. "మీరు ఇంట్లో ఏం తింటారు?" అని అడగండి. మాకు ఆ రోజు మెనూలో లేని ఆవకూర వేపుడు వచ్చింది, వెల్లుల్లి, ఉప్పు, అంతే. అక్కయ్య కోసం బాణలి కడిగి చేశారు. అడిగింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఇంటికి తెచ్చుకోదలిస్తే టెరిట్టి దగ్గరే పౌ చాంగ్ వాళ్ళ సాసుల కొట్టుంది. వాళ్ళ పచ్చిమిరప సాసు సీసా తెచ్చాను. రైల్లో మూత వదులై సంచిలో నాలుగు చొక్కాలు పాడయ్యాయి. సీసాని ప్లాస్టిక్ సంచిలో కట్టి తెచ్చుకోండి.

కోల్‌కతా ఇప్పట్లో కుదరని వాళ్ళకి ఈ వారం ఒక పని. మీ వీధి చివర ఫాస్ట్ ఫుడ్ బండి దగ్గరికి వెళ్ళండి, రద్దీ లేని వేళ చూసుకుని. ఎప్పుడూ చెప్పేదే చెప్పండి. బాణలి తిప్పుతున్న మాస్టర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "ఈ పని ఎక్కడ నేర్చుకున్నావు బాబూ?" నేను మా వీధిలో అడిగాను. ఆరేళ్ళుగా నూడుల్స్ పెడుతున్నవాడు, డార్జిలింగ్ పిల్లాడట, పని నేర్చుకుంది టాంగ్రాలో ఒక హోటల్లో గిన్నెలు తోముతూ. ఆరేళ్ళలో అడిగిన మొదటివాణ్ణి నేనేనన్నాడు.

కోల్‌కతా వెళ్ళేవాళ్ళు మాత్రం చలికాలం చూసుకుని, ఆదివారం ఆరింటికల్లా అక్కడుండండి. ఎనిమిది దాటితే గిన్నెలు కడిగేస్తారు.